మా అవ్వ బడిలో మొద్దు పిల్లోళ్లు లేరు

ముప్పై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో మా అవ్వ ఒక్క పిల్లవాణ్ని కూడా మొద్దు అనలేదు. తన ముందు ఎవరైనా అంటే ఊరుకునేది కాదు. "వాడికి ఎందుకు రాలేదో కనుక్కున్నావా అబ్బయ్యా? కనుక్కోకుండా మాట అనబాక" అని కొత్తగా వచ్చిన కుర్ర పంతుళ్లకి నెమ్మదిగానే, కానీ గట్టిగా చెప్పేది.

ఎందుకు రాలేదో కనుక్కోవడమే ఆమె చదువు చెప్పే పద్ధతి. నెల్లూరు జిల్లాలో కలిగిరికీ కావలికీ మధ్యనున్న మెట్ట పల్లెల్లో 1962 నుంచి 2000 దాకా ఎలిమెంటరీ బడి టీచరుగా పనిచేసింది. రిటైరయ్యాక ఇంట్లో మనవలకీ మనవరాళ్లకీ, వీధిలో అడిగినవాళ్ల పిల్లలకీ, చివరికి అమెరికాలో ఉన్న ముని మనవరాలికీ అక్షరాలు దిద్దించింది. పోయిన చలికాలంలో ఎనభై మూడో ఏట కన్నుమూసింది.

పెద్దకర్మ రోజున ఇంటి ముందు వేసిన షామియానా చాలలేదు. ఆర్టీసీ కండక్టరుగా చేసి రిటైరైన ఆయన వచ్చాడు. గుంటూరులో నర్సుగా ఉన్న ఆమె వచ్చింది. చెనిక్కాయ చేలల్లో కూలికి పోయే ఆడవాళ్లు పని మానుకుని ఆటోలో వచ్చారు. అందరూ అవ్వ శిష్యులే. ఎవర్ని కదిలించినా ఒకే మాట: "నేను బడికి పోకపోతే టీచరమ్మ మా ఇంటికొచ్చి అడిగింది."

అన్ని నోళ్ల నుంచి అదే మాట విన్నాక, ఒక పల్లెటూరి టీచరు జీవితంలో ఏమేం ఉంటాయో వివరంగా రాయాలనిపించింది. ఆంధ్రప్రదేశ్‌లో చదువు పల్లెలకి చేరిందంటే అందులో ప్రభుత్వ పథకాల పాలు ఉంది, ఉద్యమాల పాలు ఉంది. వాటిని రోజూ పొద్దున గంట కొట్టి నడిపించిన ఇలాంటి ఆడవాళ్ల పాలు మాత్రం ఎక్కడా రాసి ఉండదు.

నూటికి పన్నెండు మంది

అవ్వ 1942లో పుట్టింది. అప్పటికి నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. పల్లెలో ఆడపిల్ల నాలుగో తరగతి దాటితే గొప్ప. మా ముత్తవ్వకి చదువు లేదు. అయినా కూతురికి ఉండాలని పట్టుబట్టి నెల్లూరులో బంధువులింట్లో పెట్టింది. అక్కడ కస్తూరిదేవి విద్యాలయం ఉంది. స్వాతంత్ర్య పోరాటంలో పనిచేసిన పొణకా కనకమ్మ ఆడపిల్లల కోసం 1923లో పెట్టిన బడి అది. దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. అవ్వ చదువుకుంది ఆ బడిలోనే. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తనకి పదకొండేళ్లనీ, పిల్లలందరికీ చక్కెర పంచారనీ చెప్పేది.

ఆ తర్వాత టీచర్ ట్రైనింగ్. అప్పటి బేసిక్ ట్రైనింగ్ గాంధీజీ విద్యా ఆలోచనల మీద నడిచేది. పొద్దున తోటపని, ఆ తర్వాత తకిలీ మీద నూలు వడకడం, మధ్యాహ్నం దగ్గర్లోని బడికి పోయి పాఠం చెప్పడం. చేత్తో చేసిన పని బుర్రలో నిలుస్తుందన్న నమ్మకం అవ్వకి అక్కడే కుదిరింది. దాన్ని చివరిదాకా వదల్లేదు.

ఆమె ట్రైనింగ్‌లో ఉన్నప్పటి సంగతి చూడాలి. 1961 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లలో చదవను, రాయను వచ్చినవాళ్లు నూటికి పన్నెండు మంది. పల్లెల్లో ఇంకా తక్కువ. అంటే ఆమె ఉద్యోగానికి వెళ్లిన ఊళ్లో ఉత్తరం చదవగలిగిన ఆడమనిషి దాదాపుగా ఆమె ఒక్కతే. మొదటి నెలంతా బడి వదిలాక ఊళ్లో ఆడవాళ్లు ఒక్కొక్కరే కొంగులో ఉత్తరాలు దాచుకుని వచ్చేవాళ్లట. మగవాళ్లతో చదివించుకోలేని ఉత్తరాలు అవి. అత్తింట్లో ఉన్న కూతురు రాయించినవి, పుట్టింటి నుంచి వచ్చినవి. అవ్వ చదివి వినిపించి, జవాబు రాసిపెట్టి, అందులో సంగతి ఎవరికీ చెప్పేది కాదు. ఆమె మీద ఊరికి నమ్మకం కుదిరింది ఆ ఉత్తరాలతోనే. "నీ పిల్లని బడికి పంపు" అని ఆమె ఆ తర్వాత అడిగితే కాదనలేకపోయారు.

ఒకే గది, ఐదు తరగతులు

1959లో పంచాయతీరాజ్ వచ్చాక పల్లె బళ్లు పంచాయతీ సమితుల కిందికి వచ్చాయి. అవ్వ మొదటి బడి అలాంటి ఏకోపాధ్యాయ పాఠశాల. పూరికప్పు, మట్టి అరుగు, ఒకే గది. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలందరూ అందులోనే.

ఒక్క మనిషి ఐదు తరగతులకి ఒకేసారి పాఠం ఎలా చెప్తుంది? నేను చాలాసార్లు అడిగాను, ఆమె విసుక్కోకుండా వివరించేది. పొద్దున్నే ఐదో తరగతి పిల్లలు ఏటి ఇసుక తెచ్చి ఒక మూల పరిచేవాళ్లు. ఒకటో తరగతి వాళ్లు దాని మీద వేలితో అక్షరాలు దిద్దాలి. రెండో తరగతి పలకల మీద చూచిరాత. మూడో తరగతి ఎక్కాలు వల్లెవేయాలి, వాళ్లకి ఐదో తరగతి లీడరు అప్పజెప్పించుకుంటాడు. ఆ సమయంలో ఆమె నాలుగో తరగతికి లెక్కలు చెప్తుంది. గంట కాగానే అందరూ ఒక మెట్టు జరుగుతారు. మధ్యాహ్నం కథ మాత్రం ఐదు తరగతులకీ కలిపి ఒకటే.

నల్లబల్ల పనీ పిల్లలదే. శనివారం బొగ్గు నూరి, దొండాకు పసరు కలిపి, బల్లకి రుద్ది ఎండబెట్టేవాళ్లు. సోమవారానికి సుద్దముక్క గీత తెల్లగా పడేది. ఆ పని కోసం పిల్లలు వంతులు వేసుకునేవాళ్లట. పెద్దకర్మకి వచ్చిన కండక్టరు మామ డెబ్బై ఏళ్ల వయసులో అరచేయి చూపించి, "ఈ చేత్తో రుద్దినా పాపా, పసరు వాసన ఇంకా ఉన్నట్టే ఉంటాది" అన్నాడు.

మా అమ్మ పుట్టాక, ప్రసూతి సెలవు అయిపోగానే అవ్వ పసిబిడ్డతోనే బడికి వెళ్లింది. బడి ముందున్న వేపచెట్టు కొమ్మకి పాత చీరతో ఉయ్యాల కట్టింది. ఎక్కాలు చదివే మూడో తరగతి పిల్లలు చెట్టు కింద కూర్చుని ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ చదివేవాళ్లు. పన్నెండో ఎక్కం తనకి పుట్టుకతో వచ్చిందని మా అమ్మ ఇప్పటికీ చెప్పుకుంటుంది.

అరవైలలో, డెబ్బైలలో బళ్లకి కేర్ సంస్థ ద్వారా అమెరికా నుంచి గోధుమ రవ్వ, పాలపొడి వచ్చేవి. పెద్ద బాండలిలో ఉప్మా వండి బాదం ఆకుల్లో పెట్టేవాళ్లు. వండినరోజు హాజరు ఎంత, వండనిరోజు ఎంత అని అవ్వ లెక్క రాసేది. ఉప్మా లేని రోజు ఎవరు రావడం లేదో చూసి ఆ ఇళ్లకి వెళ్లేది. ఆకలి గురించి ఎవరూ పైకి చెప్పరు, హాజరు పట్టీ చెప్తుందనేది. ఆంధ్రప్రదేశ్ బళ్లలో 2003 జనవరిలో వేడి మధ్యాహ్న భోజనం మొదలైనప్పుడు ఆమె రిటైరై మూడేళ్లు కావస్తోంది. పేపర్లో ఆ వార్త చదివి ఆ రోజు ఇంట్లో పాయసం వండింది.

కారణాల పుస్తకం

ఆమె పనితనం మొత్తం ఒక చిన్న నోటుపుస్తకంలో కనిపిస్తుంది. హాజరు పట్టీ ప్రభుత్వానిది, అందులో వచ్చాడా రాలేదా అన్నంతవరకే రాయాలి. అందుకని తనకంటూ విడిగా ఒక పుస్తకం పెట్టుకుంది. ఎవరు రాలేదో, ఎందుకు రాలేదో పెన్సిలుతో అందులో రాసుకునేది. ఏడాదికొకటి చొప్పున చాలా పుస్తకాలు మా ఇంట్లో ఉన్నాయి. నేను జర్నలిజం చదువుకునే రోజుల్లో తనే తీసి చూపించింది.

ఒక పేజీలో ఇలా ఉంటుంది: "గొడ్ల కాడ. చెల్లెల్ని ఆడించను. చెనిక్కాయ పీకుడు. జొరం. చొక్కా ఒకటే, ఉతికి ఆరలేదు. నాయన తాగొచ్చి కొట్టినాడు. చెనిక్కాయ పీకుడు. చెనిక్కాయ పీకుడు." పక్కన ఇంకో వరస. అందులో తను ఏం చేసిందో ఉంటుంది: "పొద్దున గొడ్లు తోలేసి పది గంటలకి రమ్మన్నా." "చెల్లెల్నీ తెమ్మన్నా." "చొక్కా ఇచ్చినా."

పంట కోతల్లో సగం బడి ఖాళీ అయ్యేది. ఆ పదిహేను రోజులూ పాఠాలు ముందుకు జరపకుండా, వచ్చినవాళ్లతో పాత పాఠాలు చదివించేది. రానివాళ్లకి సాయంత్రం దీపం పెట్టి చెప్పేది. పంటతో పోటీ పడితే బడి ఓడిపోతుందని ఆమెకి తెలుసు.

కొన్ని కారణాలు సులువుగా దొరకలేదు. ఒక పిల్లవాడు నల్లబల్ల మీద ఉన్నది ఎప్పుడూ తప్పుగా రాసేవాడు, నోటితో అడిగితే అన్నీ సరిగ్గా చెప్పేవాడు. అందరూ వాడికి నిర్లక్ష్యం అనుకున్నారు. అవ్వ వాణ్ని వెనక వరస నుంచి ముందుకి, అక్కణ్నుంచి బల్ల పక్కకి జరుపుతూ పోయింది. మూరెడు దూరానికి వచ్చాక గబగబా చదివాడు. కంటిచూపు తక్కువ. జీతం రాగానే కావలి తీసుకెళ్లి కళ్లద్దాలు కొనిపెట్టింది. అద్దాలు పెట్టుకుని బయటికి వచ్చి వాడు మొదట చదివింది ఒక సినిమా గోడపత్రిక అట. రిటైరయ్యాక కూడా ఆమె పెన్షనులో ఏటా కొంత కళ్లద్దాలకి పోయేది.

నెల్లూరు జిల్లాలో యానాదులు ఎక్కువ. వాళ్ల హక్కుల కోసం, వాళ్ల మీద వేసిన నేరస్థ జాతి ముద్ర పోవడం కోసం వెన్నెలకంటి రాఘవయ్య గారు జీవితాంతం పనిచేశారు. ఆయన గురించి ట్రైనింగ్ రోజుల్లోనే విన్నానని అవ్వ చెప్పేది. ఊరి చివర కుంట గట్టు మీద గుడిసెల్లో ఉండే యానాది పిల్లలు బడి దాకా వచ్చి, కిటికీ దగ్గర నిలబడి, చూసి వెళ్లిపోయేవాళ్లు. లోపలికి పిలిస్తే పరుగు. అవ్వ ఒకరోజు పాఠం అక్కడికే తీసుకెళ్లింది. బడి పిల్లలందర్నీ వెంటబెట్టుకుని గట్టు మీద కూర్చోబెట్టి, ఏ చేప ఎక్కడ దొరుకుతుందో, ఏ పుట్టలో ఎలుక ఉందో ఎలా తెలుస్తుందో ఆ పిల్లల చేతే చెప్పించింది. ఆ రోజు పాఠం చెప్పింది వాళ్లు, విన్నది ఊరి పిల్లలు. వారం తిరిగేలోపు ఇద్దరు లోపలికి వచ్చి కూర్చున్నారు. వాళ్లని విడిగా కూర్చోబెట్టమని కొందరు పెద్దలు వచ్చి అడిగితే, "నా బడిలో వరస ఎత్తుని బట్టే, పొట్టివాళ్లు ముందు" అని చెప్పి పంపించింది. గుంటూరు నుంచి వచ్చిన నర్సు ఆ ఇద్దరిలో ఒకరి కూతురు.

తుపాను, దీపం, సారా

1989 నవంబరులో థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టి బంగాళాఖాతం మొత్తం దాటి వచ్చిన పెనుతుపాను కావలి దగ్గర తీరాన్ని తాకింది. అవ్వ బడి కప్పు లేచిపోయింది. రికార్డులు తడవకుండా ముందే ట్రంకు పెట్టెలో పెట్టి రామాలయానికి చేర్చింది కాబట్టి పిల్లల సర్టిఫికెట్లు దక్కాయి. నాలుగు నెలలు చెట్టు కిందే బడి. ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అని 1987లో కేంద్రం తెచ్చిన పథకం ప్రతి ప్రాథమిక బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు ఉండాలనీ, ఆ ఇద్దరిలో వీలైనంతవరకు ఒకరు మహిళ అయి ఉండాలనీ చెప్పింది. ఆ పథకంలోనే ఆమె బడికి పక్కా గదులు వచ్చాయి.

గదులు వచ్చేసరికి ఇంకో పని వచ్చిపడింది. 1988లో జాతీయ సాక్షరతా మిషన్ మొదలైంది. 1990 ఫిబ్రవరిలో కేరళలోని ఎర్నాకులం దేశంలోనే మొదటి సంపూర్ణ అక్షరాస్యత జిల్లా అయింది. ఆ ఊపులోనే నెల్లూరు జిల్లాలో అక్షరదీపం కార్యక్రమం నడిచింది. కళాజాతాల వాళ్లు పాటలు పాడుతూ, వీధి నాటకాలు వేస్తూ ఊరూరా తిరిగారు. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు, కాలేజీ పిల్లలు, టీచర్లు స్వచ్ఛందంగా రాత్రి బళ్లు పెట్టారు. అవ్వ పగలు పిల్లలకీ, రాత్రి వాళ్ల అమ్మలకీ చదువు చెప్పింది.

పెద్దవాళ్లకి అ ఆ ఇ ఈ నుంచి మొదలుపెడితే కూర్చోరు. పగలంతా పొలంలో వంగి వచ్చిన మనిషికి ఆ ఓపిక ఉండదు. అందుకే సాక్షరతా వాచకాలు వాళ్ల బతుకులో ఉన్న మాటలతో మొదలయ్యేవి. అవ్వ దానికి తనదొకటి కలిపింది. మొదటి రాత్రి ప్రతి ఒక్కరి పేరూ పలక మీద రాసి చేతికిచ్చి, "ఇది నువ్వే" అని చెప్పేది. వాళ్లు దాన్ని ఇంటికి తీసుకుపోయి గోడ మీద బొగ్గుతో దిద్దేవాళ్లు. వేలిముద్ర వేసే చోట మొదటిసారి సంతకం పెట్టిన ఆడవాళ్లు, మర్నాడు బడి ముందు నుంచి వెళ్తూ ఆగి, "పెట్టినా టీచరమ్మా" అని చెప్పి పోయేవాళ్లట.

ఆ వాచకాల్లో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. మొగుడి తాగుడు వల్ల ఛిద్రమైన ఇల్లు ఆ కథలోది. రాత్రి బడిలో అది చదివిన ఆడవాళ్లు, ఇది మా ఇంటి సంగతే కదా అనుకున్నారు. వారుణి వాహిని అనే ప్రభుత్వ పథకం పేరుతో సారా ప్యాకెట్లలో ఊళ్లకి వచ్చే రోజులు అవి. బడి లేని ఊరుండేది కానీ సారా కొట్టు లేని ఊరు ఉండేది కాదని అవ్వ అనేది. మా ఊరికి దగ్గర్లోనే, కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు ఒక్కటై సారాని ఊళ్లోకి రానివ్వలేదు. ఆ పోరాటంలో ముందు నిలిచిన రోశమ్మ పేరు దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతా మోగింది. 1992కి అది జిల్లా ఉద్యమమైంది, సారా వేలంపాటలు ఆగిపోయాయి.

ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి అవ్వ ధర్నాలో కూర్చోలేదు. ఊరి ఆడవాళ్లు కలెక్టరుకి అర్జీ రాసిపెట్టమని ఆమె దగ్గరికి వచ్చారు. "నేను రాయను. మీరే రాయండి, తప్పులుంటే దిద్దతా" అంది. రాత్రి బడిలోనే కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో వాక్యం చెప్పుకుంటూ, ఆరునెలల కిందట అక్షరం రాని చేతులతో వాళ్లే రాశారు. ఒత్తులు తప్పాయి, దీర్ఘాలు తప్పాయి. అర్థం మారిన చోట మాత్రమే దిద్ది, మిగతావి అట్లాగే ఉంచేసింది. కింద అన్నీ సంతకాలే, ఒక్క వేలిముద్ర లేదు. తన ఉద్యోగంలో గర్వపడ్డ రోజు ఏదని అడిగితే ఆమె చెప్పేది ఆ రాత్రి గురించే.

1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమల్లోకి వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. నిషేధం నిలవలేదు గానీ ఆ సంతకాలు నిలిచాయి. సారాకి పోయే డబ్బులో రోజుకో రూపాయి దాచుకుందామని నెల్లూరు ఆడవాళ్లు పొదుపులక్ష్మి గ్రూపులు పెట్టుకున్నారు. మా ఊరి గ్రూపు లెక్కల పుస్తకం మొదట్లో అవ్వే చూసేది. ఏడాది తిరిగేలోపు ఆ పుస్తకం ఒక గ్రూపు సభ్యురాలికి అప్పగించి తను తప్పుకుంది. 1991 లెక్కల్లో రాష్ట్రంలో చదువొచ్చిన ఆడవాళ్లు నూటికి ముప్పై ముగ్గురికి దగ్గరగా ఉన్నారు. ఆమె ఉద్యోగంలో చేరినప్పటి పన్నెండు నుంచి అక్కడికి రావడానికి ఆమె లాంటివాళ్ల ఎన్ని రాత్రులు పట్టాయో ఆలోచించండి.

రవ్వ పళ్లెం

2000లో యాభై ఎనిమిదేళ్లకి రిటైరై అవ్వ నెల్లూరులో మా ఇంటికి వచ్చింది. నేనూ తమ్ముడూ ఇంగ్లీషు మీడియం బడిలో చదువుతున్నాం. తమ్ముడు ఒకటో తరగతి. అక్షరాలు తారుమారు చేసేవాడు, చదవమంటే ఏడుపు. వాడికి చదువు వంటబట్టదని బడి వాళ్లు మా అమ్మానాన్నలకి చెప్పేశారు. ఆ మాట వాడి ముందే చెప్పారు.

అవ్వ ఏమీ అనలేదు. మర్నాడు సాయంత్రం స్టీలు పళ్లెంలో బొంబాయి రవ్వ పలచగా పరిచి వాడి ముందు పెట్టింది. "రాయబాక. ఊరికే గీ" అంది. ముందు సున్నాలు. తర్వాత సున్నాకి పైన తలకట్టు. కళ్లు మూసుకుని గీయమంది. గీస్తూ ఆ అక్షరం పేరు పైకి పలకమంది. తప్పు వస్తే పళ్లెం అటూ ఇటూ ఊపేది, గీత మాయమయ్యేది. కాగితం మీద కొట్టివేత కనిపిస్తుంది, రవ్వలో తప్పు మిగలదు. వాడికి భయం పోయింది అక్కడే.

అక్షరాలని వరసలో చెప్పలేదు. ఒకే పోలికలో ఉన్నవాటిని ఒక్కచోట పెట్టింది. వ, ప, ష ఒక గుంపు. న, స ఒకటి. మ, య ఒకటి. ద, థ, ధ ఒకటి. తేడా ఎక్కడుందో వాడి వేలికి తెలిసేదాకా తర్వాతి గుంపుకి పోలేదు. చదవడంలో ఇలాంటి ఇబ్బంది ఉన్న పిల్లలకి కంటితో పాటు చేతినీ చెవినీ కలిపి నేర్పాలని ఇప్పుడు నిపుణులు చెప్తున్నారు. గరుకు కాగితంతో చేసిన అక్షరాల మీద వేలు పెట్టి దిద్దించే పద్ధతిని మరియా మాంటిసోరి ఎప్పుడో తెచ్చారు. 1939లో ఆమె మద్రాసు అడయారుకి వచ్చి మన టీచర్లకి శిక్షణ కూడా ఇచ్చారు. అవ్వ చేతికి మాత్రం ఆ పద్ధతి ఏటి ఇసుక మీదే అబ్బింది. తమ్ముడు మూడో తరగతికి వచ్చేసరికి తెలుగూ ఇంగ్లీషూ రెండూ చదివేవాడు, నిదానంగానే, తప్పులేకుండా. ఇప్పుడు ఇంజనీరు. ఆఫీసులో పొడుగాటి రిపోర్టు వస్తే ఇప్పటికీ వేలు పెట్టి చదువుతాడు, సిగ్గుపడడు.

నాకు అవ్వ నేర్పింది పేపరు చదవడం. రోజూ పొద్దున ఒక వార్త పైకి చదవాలి. చదివాక నాలుగు ప్రశ్నలు: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు. మొదటి మూడూ వార్తలో దొరికేవి. నాలుగోది చాలాసార్లు దొరికేది కాదు. "అయితే వార్త సగమే రాశారు" అని పేపరు మడిచేసేది. నేను ఈ వృత్తిలోకి రావడానికి ఆ నాలుగో ప్రశ్నే కారణం.

ఆమె దగ్గర చదువు అంటే ముందు ఏదో ఒకటి తినాలి. బొరుగులు, వేయించిన చెనిక్కాయలు, బెల్లం ముక్క గిన్నెలో పోసి ముందు పెట్టేది. వీధిలో ట్యూషనుకి వచ్చే పిల్లలకీ అంతే. ఫీజు అడిగినవాళ్లకి, "నెలకో శేరు చెనిక్కాయలు తెచ్చియ్యి, మీ వాడే తింటాడు" అని చెప్పేది.

డల్లాస్‌లో ఉన్న మా పెద్దమ్మ కూతురి బిడ్డ, అంటే అవ్వకి ముని మనవరాలు, సిలికానాంధ్ర వాళ్ల మనబడి తరగతులకి వెళ్తుంది. హోమ్‌వర్కు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపిస్తే అవ్వ భూతద్దం పెట్టుకుని చూసేది. తర్వాత వీడియో కాల్. ఆ పిల్ల ఎప్పుడూ తలకట్టు మరిచిపోయేది. "అమ్మణ్ణీ, ఎండలో పోతుండాది అక్షరం, నెత్తిన గుడ్డ కప్పు" అనేది అవ్వ. చివరి ఆస్పత్రి రోజుల్లో కూడా ఆ కాల్ మానలేదు. ఆ పిల్ల ఇప్పుడు తలకట్టు మరవదు.

గుర్తుపెట్టుకోవడం ఎలా

సర్వేపల్లి రాధాకృష్ణన్ రాష్ట్రపతి అయిన 1962 నుంచే సెప్టెంబరు 5న టీచర్ల దినోత్సవం జరుపుకుంటున్నాం. అవ్వ ఉద్యోగంలో చేరిందీ ఆ ఏడాదే. దండలు, శాలువాలు ఆమెకీ పడ్డాయి. సంతోషించేది కూడా. కానీ ఆమె పని గురించి వివరంగా అడిగినవాళ్లు తక్కువ.

ఇలాంటి టీచరమ్మలు ప్రతి ఊళ్లో ఉన్నారు. అరవైలలో, డెబ్బైలలో ఉద్యోగంలో చేరినవాళ్లకి ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లు వచ్చాయి. జనాభా లెక్కలు రాసింది వాళ్లు, ఓటర్ల జాబితాలు తిరిగి రాసింది వాళ్లు, పోలియో చుక్కలు వేయించింది వాళ్లు. ఊరి చరిత్ర వాళ్లకి ఇంటి నంబర్లతో సహా తెలుసు. ఆ చరిత్ర పుస్తకాల్లో లేదు, వాళ్ల నోట్లోనే ఉంది.

మీ ఇంట్లో గానీ మీ వీధిలో గానీ అలాంటి ఒకరుంటే ఫోను రికార్డింగులో పెట్టి పక్కన కూర్చోండి. "మీ జీవితం గురించి చెప్పండి" అంటే ఏమీ చెప్పరు, చెప్పడానికి ఏముంది అంటారు. చిన్న ప్రశ్నలు అడగండి. మొదటి బడికి ఏ దారిన వెళ్లారు? మొదటి జీతంతో ఏం కొన్నారు? పసిబిడ్డని ఎక్కడ పడుకోబెట్టి పాఠం చెప్పారు? బడికి రాని పిల్లలు ఎక్కడికి పోయేవాళ్లు? ఎవరికి అక్షరం రావడం చాలా కష్టమైంది, చివరికి ఎలా వచ్చింది? పాత గ్రూపు ఫోటో ఒకటి చేతికిచ్చి ఒక్కొక్కరి పేరూ అడగండి. గంటలు గడిచిపోతాయి.

మా కుటుంబం, అవ్వ శిష్యులు కలిసి ఒక నిర్ణయం చేసుకున్నాం. ఆమె చివర పనిచేసిన బడిలో శనివారం మధ్యాహ్నం చదివే గంట ఒకటి పెట్టాం. హెడ్మాస్టరు గారు సంతోషంగా ఒప్పుకున్నారు. కండక్టరు మామ, పొదుపు గ్రూపు ఆడవాళ్లు, సెలవుకి వచ్చినప్పుడు నర్సు అక్క, మేమూ వంతులవారీగా వెళ్తాం. చదవడం రాని పిల్లలు రవ్వ పళ్లెంతో మొదలుపెడతారు. వెళ్లినవాళ్లు ఆ రోజు ఎవరు రాలేదో, ఎందుకు రాలేదో కనుక్కుని రాయాలన్నది ఒక్కటే నియమం. ఇప్పుడు రాసే కారణాల్లో చెనిక్కాయ పీకుడు తగ్గింది. "అమ్మ నైట్ డ్యూటీ, తమ్ముణ్ని చూడాలి", "ఫోను చూస్తా నిద్రపోలేదు", "అమ్మానాన్న బెంగళూరు పనికి పోయారు, జేజి దగ్గర ఉన్నాడు" అని ఉంటున్నాయి. కాలం మారింది, కారణాలు మారాయి. అడిగే మనిషి అవసరం మాత్రం అంతే ఉంది.

మీకు తెలిసిన రిటైరైన టీచరమ్మని గౌరవించాలనుంటే, చదువు రాదని పక్కన పెట్టేసిన పిల్లనో పిల్లవాణ్నో ఒకసారి ఆమె దగ్గరికి తీసుకెళ్లండి. ఆమె వద్దనదు. కళ్లద్దాలు తుడుచుకుని, ముందు ఏదైనా తిన్నావా అని అడుగుతుంది. ఆ తర్వాత ఆమె ఏమేం అడుగుతుందో, పిల్ల జవాబు చెప్పేదాకా ఎంతసేపు ఆగుతుందో దగ్గరుండి చూడండి. ఇంట్లో మనం కూడా చేయగలిగిన పనే అది.